కర్నల్ సి.కె. నాయుడు: కొలువు, క్రీడ, విశ్వాసం

పల్నాటి సీమలో పుట్టినవారికి పందెమంటే ఏమిటో, పక్షమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. పన్నెండవ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల నడుమ జరిగిన కోడిపందెం చివరకు కారెంపూడి రణరంగానికి దారితీసింది. ఆ వీరగాథలో వీరుని విలువకు భుజబలమొక్కటే కొలబద్ద కాదు. పట్టిన పక్షాన్ని కడదాకా విడువకపోవడం అంతకు మించిన గుణం.

క్రీడారంగంలోనూ ఈ ప్రశ్న తలెత్తుతూనే ఉంది. ఆటగాడు ఆటకు ప్రతిఫలం పుచ్చుకోవడం తప్పా? ఒక జట్టును వీడి మరొక జట్టులో చేరితే విశ్వాసం చెడినట్లేనా? ఈ ప్రశ్నలకు తన జీవితంతోనే సమాధానమిచ్చిన తెలుగువారు కర్నల్ కొఠారి కనకయ్య నాయుడు.

నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. వారిది తెలుగు దేశం నుంచి వలస వెళ్ళి అక్కడ స్థిరపడిన సంపన్న కుటుంబం. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివినవారు. కనకయ్య హిస్లాప్ పాఠశాలలో చదువుతూ క్రికెట్లో ఆరితేరారు. 1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందూ జట్టు పక్షాన తొలిసారిగా పెద్ద మైదానంలో అడుగుపెట్టారు. అప్పటికి జట్టు చిక్కుల్లో ఉంది. అయినా జంకక, తొలి పరుగులనే సిక్సర్ రూపంలో సాధించి చూపరులను ఆశ్చర్యపరిచారు.

ఆ రోజుల్లో క్రికెట్ ఆడి కుటుంబాన్ని పోషించుకోవడం సాధ్యమయ్యేది కాదు. ఆటకు పుట్టినిల్లయిన ఇంగ్లండులో సైతం వేతనం పుచ్చుకొనే ఆటగాళ్ళను, పుచ్చుకోని దొరబిడ్డలను 1962 వరకు వేర్వేరు తరగతులుగా చూసేవారు. మన దేశంలో ఆటకు ఆధారం సంస్థానాధీశులే. వారు ఆటగాళ్ళను తమ సైన్యంలోనో, ఆస్థానంలోనో కొలువులిచ్చి పోషించేవారు. పేరుకు సైనికోద్యోగమైనా అసలు పని మైదానంలోనే. 1923లో ఇందూరు ప్రభువు హోల్కర్ మహారాజు నాయుడును ఆహ్వానించి తన సైన్యంలో కెప్టెన్ పదవినిచ్చారు. నాయుడు పుట్టిన ఊరు వీడి ఇందూరు చేరారు. కాలక్రమంలో కర్నల్ అయ్యారు.

ఆ కొలువు ఆయన ఆటకు నిలకడనిచ్చింది. 1926 డిసెంబరులో బొంబాయిలో ఇంగ్లండునుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లున్నాయి. 1932లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు పోరుబందరు మహారాజు నాయకులు. ఆయన తన ఆట స్థాయిని తానే ఎరిగి పక్కకు తప్పుకొన్నారు. ఉపనాయకులైన లింబ్డీ రాజకుమారునికి గాయమైంది. అందువల్ల జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదలైన భారతదేశపు తొలి టెస్టుకు నాయుడు నాయకత్వం వహించారు. చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేశారు.

అయితే సంస్థానాల పోషణకు మరొక ముఖం కూడా ఉంది. 1936 పర్యటనలో నాయకత్వం ప్రతిభను కాక పలుకుబడిని వరించింది. విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు నాయకులయ్యారు. నలభై ఏళ్ళు దాటిన నాయుడు తనకంటె ఎంతో తక్కువ ఆటగాని కింద ఆడవలసి వచ్చింది. జట్టు వర్గాలుగా చీలింది. అయినా నాయుడు బ్యాటులో అలక కనిపించలేదు. ఓవల్ మైదానంలో తన చివరి టెస్టులో, వేగంగా వచ్చిన బంతి ఎదకు బలంగా తగిలినా వెనుదీయక 81 పరుగులు చేశారు. ఆయన విశ్వాసం నాయకునికి కాదు, ధరించిన జట్టు దుస్తులకు.

1941లో ఒక ఔషధ టానిక్కు ప్రచారకర్తగా నాయుడు పేరు ప్రకటనల కెక్కింది. భారత క్రికెటర్లలో అటువంటి ప్రకటనకు ఆయనే ఆద్యుడని చెబుతారు. నాడు ఆయన పొందిన ఆ హక్కు కోసం అమెరికా కళాశాలల క్రీడాకారులు 2021 వరకు వేచి ఉండవలసి వచ్చింది. అక్కడ విశ్వవిద్యాలయాలు, శిక్షకులు ఆటల ద్వారా కోట్ల డాలర్లు గడిస్తున్నా, చెమటోడ్చిన విద్యార్థికి ఉపకార వేతనమే దక్కేది. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వడానికి మార్గమేర్పడింది. కళాశాల మారడంపై ఉన్న కట్టుబాట్లు కూడా సడలాయి. దానితో విశ్వాసం నశించిందని కొందరు వాపోతున్నారు. కాని ఆటగాడు బయటికి పోయే దారి మూసివేసి, లోపల మిగిలినదాన్ని విశ్వాసమని పిలవడం న్యాయమేనా?

హోల్కర్ జట్టు చరిత్ర ఇందుకొక సమాధానం. దానిలో ఇందూరు బిడ్డ ముస్తాక్ అలీతో పాటు బయటి ప్రాంతాల నుంచి కొలువుకు వచ్చినవారు ఎందరో ఉన్నారు. నాయుడు సోదరుడు సి.ఎస్. నాయుడు బరోడా జట్టు నుంచి వచ్చారు. యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న ఇంగ్లండు సైనికుడు డెనిస్ కాంప్టన్ సైతం 1945 రంజీ తుదిపోరులో హోల్కర్ పక్షాన 249 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఇలా చేరినవారిని కర్నల్ నాయుడు కఠిన క్రమశిక్షణతో ఒక్కటి చేశారు. 1945-46 నుంచి 1952-53 లోగా హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. కొలువుకు వచ్చినవారు కూలికోసమే ఆడతారన్న మాట అక్కడ నిలువలేదు.

1948లో ఇందూరు సంస్థానం మధ్యభారత్‌లో విలీనమైంది. ప్రభువుల పోషణ ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ ఏడాది రంజీ పోటీలలో తొలిసారి పాల్గొన్న ఆంధ్ర జట్టుకు 58 ఏళ్ళ నాయుడు నాయకులయ్యారు. నేడు నరసరావుపేట కేంద్రంగా జిల్లాగా ఉన్న పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలో భాగం. ఈ నేల పేరున ఆడే జట్టుకు తొలి నాయకత్వం దక్కింది నాగపూరులో పుట్టి, ఇందూరులో పేరుగన్న తెలుగువానికి. 1956-57లో ఆయన ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకులై, 61 ఏళ్ళ వయసులో రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు. జాతీయ రక్షణ నిధి కోసం జరిగిన ఆటలో 68వ ఏట చివరిసారి బ్యాటు పట్టారు. 1956లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్న నాయుడు 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు.

నాయుడు ఊరు మారారు, జట్లు మారారు, కొలువు చేసి వేతనం పుచ్చుకొన్నారు. కాని తిన్న ఇంటి వాసాలు లెక్కించలేదు. వేతనం శ్రమకు దక్కవలసిన ధర్మమైన ఫలం. అది హక్కుగా కాక ప్రభువు దయగా దక్కినంతకాలం విశ్వాసమేదో, భయమేదో తేల్చి చెప్పడం కష్టం. జట్టు మారే స్వేచ్ఛ ఉన్నవాడు నిలిచిన చోట ప్రాణం పెట్టి ఆడినప్పుడే అతని విశ్వాసానికి అసలైన విలువ తెలుస్తుంది.