చెప్పులు లేని సిపాయి అబెబె బికిలా

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఒక మహనీయుని జీవితం రాసి పంపమని సంపాదక మిత్రులు కబురు చేశారు. స్వాతంత్ర్య సమరయోధుల గురించి, కవుల గురించి రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఎక్కడో ఆఫ్రికా ఖండంలో పుట్టి, నలభై ఒక్క ఏళ్లకే కన్నుమూసిన ఒక సిపాయి కథ రాస్తున్నాను. ఈయన నిజామాబాదు వాడు కాడు, తెలుగు వాడు కాడు, మన దేశం వాడైనా కాడు. అయినా ఈయననే ఎందుకు ఎంచుకున్నానో చదువుతూ పోతే పాఠకులకే తెలుస్తుంది.

ముందుగా మారథాన్ అంటే ఎంత దూరమో మన లెక్కలో చెబుతాను. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నిజామాబాదు నుంచి బోధన్ దాదాపు పాతిక కిలోమీటర్లు. బోధన్ దాకా పరుగెత్తి వెళ్లి, నిలబడి నీళ్లు తాగే వ్యవధి కూడా లేకుండా వెనక్కి తిరిగి, మళ్లీ మూడింట రెండు వంతుల దారి పరుగెత్తుకు రావాలి. అది మారథాన్. అందులో సగం పరుగును హాఫ్ మారథాన్ అంటున్నారు. మన కాలంలో ఆ దూరం ఆర్టీసీ బస్సులో కూర్చుని వెళ్లడానికే నడుము నొప్పి పుట్టేది.

అబెబె బికిలా 1932 ఆగస్టు 7న ఇథియోపియాలోని జాటో అనే పల్లెలో పుట్టాడు. సరిగ్గా అదే రోజున అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగిందట. చిన్నతనంలో పశువులు కాశాడు. కర్రతో బంతిని కొట్టే గెన్నా అనే ఆట ఆడేవాడు. ఆయనకు మూడేళ్ల వయసులో, 1935లో, ముస్సోలినీ సైన్యాలు ఇథియోపియా మీద పడ్డాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దీనితో తర్వాత పని ఉంది. యువకుడయ్యాక బికిలా రాజధాని అడిస్ అబాబా చేరి, చక్రవర్తి హైలే సెలాస్సీ అంగరక్షక దళంలో సాధారణ సిపాయిగా చేరాడు. కొండలెక్కి దిగే ఊళ్లలో పుట్టినవాడు కావడం వల్ల కాళ్లు గట్టివి, ఊపిరి గట్టిది. స్వీడన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒన్ని నిస్కానెన్ అనే శిక్షకుడు ఆ కాళ్లను కనిపెట్టాడు. మన ఆఫీసుల్లో మంచి గుమాస్తాను కనిపెట్టే సూపరింటెండెంటు దొరకడం ఎంత అరుదో తెలిసినవాళ్లకు నిస్కానెన్ విలువ చెప్పనక్కరలేదు.

1960లో రోము ఒలింపిక్స్. బికిలా వెంట తెచ్చుకున్న బూట్లు అరిగిపోయాయని, అక్కడ కొన్న కొత్త బూట్లు కరిచి పాదాలు బొబ్బలెక్కాయని చెబుతారు. గురుశిష్యులు మాట్లాడుకుని, సాధన చేసినట్టే వట్టి కాళ్లతో పరుగెత్తడమే మేలని తేల్చారు. సెప్టెంబరు 10న ఎండ తగ్గాక, సాయంత్రం అయిదున్నరకు పందెం మొదలైంది. రోజూ చూసే స్టేడియంలో కాకుండా పాత రోము నగరపు వీధుల్లోనే మొదలై అక్కడే ముగిసేటట్టు దారి వేశారు. చెప్పులు లేకుండా నిలబడ్డ నల్లని సన్నని మనిషిని చూసి నవ్వినవాళ్లు ఉన్నారట. ఆయన పేరు అప్పటికి ఇథియోపియా దాటి ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక ముచ్చట ఉంది. మొరాకో దేశపు రాది బెన్ అబ్దెస్సలామ్‌ను కనిపెట్టుకుని ఉండమని, అతని నంబరు 26 అని శిక్షకుడు చెప్పి పంపాడు. రాది ఆ రోజు తగిలించుకున్నది 185. బికిలా దారి పొడవునా 26 కోసం వెతుకుతూ ముందుకు పోతూనే ఉన్నాడు. పక్కనే అడుగులో అడుగు వేస్తున్న 185 నంబరు మనిషే రాది అన్నది ఆయనకు తెలియదు. ఒక్క అంకె తప్పు పడితే ఫైలు ఎక్కడెక్కడికి పోతుందో మనకు తెలుసు. ఇక్కడ ఆ తప్పే మేలు చేసిందేమో, లేని మనిషిని పట్టుకోవడానికి ఆయన వేగం తగ్గించలేదు.

చీకటి పడింది. రాళ్లు పరిచిన అప్పియన్ దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ముగింపుకు కొద్ది దూరంలో అక్సుమ్ శిలాస్తంభం ఉంది. అది ఇథియోపియాది. దండయాత్ర తర్వాత 1937లో ఇటలీ వాళ్లు ఊడబెరికి తెచ్చి రోములో నిలబెట్టుకున్నది. (తిరిగి 2005లోగానీ ఇవ్వలేదు.) శిక్షకుడూ ఆయనా దారి చూసుకున్నప్పుడే ఆ చోటు గుర్తు పెట్టుకున్నారు. ఆ స్తంభం దగ్గరే బికిలా వేగం పెంచి రాదిని వదిలేశాడు. కాన్‌స్టంటైన్ తోరణం కిందికి 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లలో చేరుకున్నాడు. అప్పటికి ప్రపంచంలో మారథాన్‌కు అదే అతి తక్కువ సమయం. రాది 25 సెకన్ల వెనుక వచ్చాడు. ఇథియోపియాకు ఒలింపిక్స్‌లో వచ్చిన మొదటి బంగారు పతకం అది.

ఈ కథ నేను మొదట విన్నది బోధన్‌లో, హైస్కూలు డ్రిల్లు సారు నోట. మా నాయన చెరుకు బండి తోలేవాడు. షక్కర్ నగర్ ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో రాత్రంతా కాచుకుని ఉండేవాడు. నేను పొద్దున్నే సద్ది పట్టుకుని పరుగెత్తి, అక్కణ్ణుంచి బడికి పరుగెత్తేవాణ్ణి. మాలో చెప్పులున్నవాడు తక్కువ. చెరుకు కొట్టిన మడిలో కొయ్యకాళ్లు, గట్టు మీద తుమ్మముళ్లు, బాట మీద పల్లేరుకాయలు అరికాళ్లకు బాగా తెలుసు. అలాంటి కాళ్లతో ఒకడు రోములో పతకం గెలిచాడని సారు చెప్పిన రోజున మేమందరం ఒక అడుగు ఎత్తు పెరిగాం. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, 2015లో మూతబడింది. ఆ వీధిలో మొలాసిస్ వాసన మాత్రం నా ముక్కులో ఇంకా ఉంది.

మన దేశంలోనూ అలాంటి సిపాయి ఒకాయన ఉన్నాడు. బీహారుకు చెందిన శివనాథ్ సింగ్. ఆయనా వట్టి కాళ్లతోనే పరుగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశాడు. నలభై ఏళ్లకు పైగా మన దేశంలో ఆ రికార్డు చెరగకుండా నిలిచింది. 2003లో పోయాడు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. అది వేరే వ్యాసం.

రోము నుంచి తిరిగివచ్చిన బికిలాకు చక్రవర్తి పతకం ఇచ్చి, కార్పొరల్‌గా ప్రమోషను ఇచ్చాడు. డిపార్టుమెంటల్ టెస్టులు రాయకుండా రెండు గంటల పైచిలుకులో ప్రమోషను సంపాదించినవాడు ఆయనొక్కడే కావచ్చు. అదే సంవత్సరం డిసెంబరులో అంగరక్షక దళం అధికారులు చక్రవర్తి మీద తిరుగుబాటు చేసి ఓడిపోయారు. ఆ దళంలో ఉన్న పాపానికి బికిలాను కూడా కొద్దిరోజులు నిర్బంధించి వదిలారు. 1961లో ఏథెన్స్, జపాన్‌లోని ఒసాకా, అప్పటి చెకొస్లొవేకియాలోని కోషిత్సె మారథాన్‌లలో వరుసగా గెలిచాడు.

గెలుపుల గురించి అందరూ రాస్తారు. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్‌లో జరిగినది నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ 1897 నుంచి ఏటా మారథాన్ జరుగుతోంది. బికిలా, ఆయన దేశస్థుడే అయిన మామో వోల్డే కలిసి చాలా దూరం అందరికన్నా ముందు పరుగెత్తారు. తర్వాత చలిగాలి ఎదురు కొట్టింది, కొండదారి ఎక్కవలసి వచ్చింది, కాళ్లు పట్టేశాయి. బెల్జియం దేశస్థుడు గెలిచాడు. బికిలా ఐదోవాడుగా వచ్చాడు. పందెం వదిలిపెట్టి కారెక్కి పోలేదు. ఆయన పూర్తి చేసిన అంతర్జాతీయ మారథాన్‌లలో గెలవనిది ఇదొక్కటే. ఇంటికి వెళ్లి, 1964 దాకా మరే మారథాన్‌లోనూ దిగకుండా సాధనలో ఉండిపోయాడు.

1964 టోక్యో ఒలింపిక్స్‌కు ఇంకా అయిదు వారాలుండగా అపెండిసైటిస్ వచ్చి ఆపరేషను అయింది. మనమైతే మూడు నెలల మెడికల్ లీవు పెట్టి, ఇంకో నెల పొడిగించేవాళ్లం. అక్టోబరు 21న ఈసారి బూట్లు తొడుక్కుని పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో గెలిచాడు. మళ్లీ ప్రపంచ రికార్డు. (శివనాథ్ సింగ్ జలంధర్ సమయం దీనికన్నా పదకొండు సెకన్లు తక్కువేనని గమనించాలి.) రెండో స్థానంలో వచ్చిన ఇంగ్లండు దేశస్థుడు బేసిల్ హీట్లీ నాలుగు నిమిషాల తర్వాతగానీ స్టేడియంలోకి రాలేదు. ఈలోపు బికిలా పచ్చిక మీద పడుకుని కాళ్లు పైకెత్తి వ్యాయామం చేస్తూ కనిపించాడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి ఆయనే. ఇథియోపియా జాతీయగీతం బ్యాండువాళ్లకు రాకపోవడంతో జపాన్ గీతమే వాయించారట.

1968లో మెక్సికోలో కాలి ఎముక నొప్పితోనే బరిలో దిగి, సుమారు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. మామో వోల్డే ఆ పందెం గెలిచాడు. ఆ తర్వాత బికిలా మళ్లీ మారథాన్ పరుగెత్తలేదు.

1969 మార్చి 22 రాత్రి అడిస్ అబాబాకు కొంత దూరంలో ఆయన నడుపుతున్న వోక్స్‌వ్యాగన్ కారు పల్టీ కొట్టింది. తెల్లవారేదాకా అందులోనే ఇరుక్కుపోయి ఉన్నాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతిన్నది. మొదట కాళ్లూ చేతులూ రెండూ కదల్లేదు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. వెన్నుపూస దెబ్బతిన్నవారికి ఆటల ద్వారా వైద్యం చేసే పద్ధతిని డాక్టర్ లుడ్విగ్ గుట్మన్ మొదలుపెట్టింది అక్కడే. సుమారు ఎనిమిది నెలలకు చేతులు స్వాధీనంలోకి వచ్చాయి. కాళ్లు రాలేదు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడు.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. 1973లో సర్వీసులో చేరి 2009లో రిటైరయ్యాను. తర్వాత పదేళ్లు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడిచేవాణ్ణి. 2019లో రోడ్డు దాటుతుండగా మోటారు సైకిలు తగిలి తుంటి విరిగింది, ఆపరేషను తర్వాత కూడా కాలు నిలవలేదు. చక్రాల కుర్చీ వచ్చింది. నాకు నొప్పి కన్నా నామోషీ ఎక్కువైంది. పెళ్లిళ్లకు పోలేదు. సంఘం సమావేశాలకు రాలేదు. పెన్షనుకు ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టు కూడా కొడుకు చేతనే ఇంట్లోంచి ఫోనులో పంపించాను. కబురు చేసిన మిత్రులకు జ్వరమనీ, ఊళ్లో లేననీ ఇంటావిడ చేత చెప్పించాను. వాళ్లందరికీ ఈ ముఖంగా క్షమాపణ.

హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే హైదరాబాద్ మారథాన్‌లో ఆ మధ్య నా మనవరాలు హాఫ్ మారథాన్ పరుగెత్తింది. నన్ను రమ్మని పట్టుబట్టింది. పోలేదు. తర్వాతి వారం మెడల్ తీసుకుని ఇంటికే వచ్చి, ఏమీ అనకుండా నా పక్కన కూర్చుని, సెల్‌ఫోనులో బికిలా పాత చిత్రాలు చూపించింది. రోము కాగడాలు నేను ఊహించుకున్నవే. నేను ఎన్నడూ ఊహించనిది తర్వాత వచ్చింది.

చక్రాల కుర్చీలో కూర్చుని బికిలా విల్లు ఎక్కుపెట్టి గురి చూస్తున్నాడు. 1970లో స్టోక్ మాండెవిల్ క్రీడల్లో ఆయన విలువిద్యలోనూ టేబుల్ టెన్నిస్‌లోనూ పాల్గొన్నాడు. 1971లో నార్వేలో మంచు మీద సాగే స్లెడ్జి పందెంలో, 25 కిలోమీటర్లు, గెలిచాడు. ఇథియోపియాలో పుట్టినవాడికి మంచేమిటి, స్లెడ్జేమిటి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు అతిథిగా పిలిస్తే వెళ్లాడు. తాను రెండుసార్లు గెలిచిన చోటుకు, లోకమంతా చూస్తుండగా, కుర్చీలో వెళ్లాడు. జనం లేచి నిలబడ్డారు. ఆ ఏడు మారథాన్ గెలిచిన అమెరికా యువకుడు ఫ్రాంక్ షార్టర్ పతకం అందుకున్నాక ఆయన దగ్గరకు వచ్చి చేయి కలిపాడు.

డ్రిల్లు సారు మాకు ఈ భాగం చెప్పలేదు. చెప్పేనాటికి ఇది జరగలేదు కూడా. నేను 1964 దగ్గరే ఆగిపోయి, అరవై ఏళ్లు సగం కథే మోసుకు తిరిగాను.

1973 అక్టోబరు 25న, నేను ఉద్యోగంలో చేరిన ఏడే, మెదడులో రక్తస్రావమై బికిలా చనిపోయాడు. అప్పటికి కెప్టెన్ హోదాలో ఉన్నాడు. భార్య, నలుగురు పిల్లలు. అడిస్ అబాబాలో అంతిమయాత్రకు చక్రవర్తితో సహా వేలాది జనం వచ్చారు. మరుసటి ఏడాదే ఆ చక్రవర్తి పదవి పోయింది. 2010లో రోము మారథాన్ గెలిచిన ఇథియోపియా కుర్రాడు సిరాజ్ గెనా, ముగింపుకు కొద్ది దూరంలో ఆగి బూట్లు విప్పేసి, మిగతా దారి వట్టి కాళ్లతో పరుగెత్తాడు. దానివల్ల కొన్ని సెకన్లు పోయాయి. ఆయన లెక్క చేయలేదు.

వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి వస్తున్నాను. హాలు ముందు మూడు మెట్లున్నట్టు గుర్తు. ఇద్దరు మిత్రులు కుర్చీకి చెరో పక్క సాయం పడితే చాలు.