కనిపించని వేడిని కనుగొన్న హెర్షెల్

ప్రతి సావనీరులోనూ మన కవుల గురించి, నాయకుల గురించి, మన పెద్దలు ఓడలెక్కి వచ్చిన రోజుల గురించి చదువుతూనే ఉంటాం. నేను కవిని కాను. పెనాంగ్ ద్వీపానికి ఎదురుగా ఉన్న ప్రై పారిశ్రామికవాడలో ఒక ఉక్కు మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. నా వృత్తికి మూలపురుషుడని నేను భావించే ఒక మహనీయుడి జీవితం మీ ముందుంచుతున్నాను. ఆయన తెలుగువాడు కాదు, ఉక్కు మిల్లులో పనిచేసినవాడూ కాదు. ఆయన పేరు విలియం హెర్షెల్.

ముందుగా మా పెదనాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలి. పేరాక్ రాష్ట్రంలోని బగన్ దాతో కొబ్బరి తోటల్లో పుట్టిన ఆయన 1970లో ప్రై వచ్చి పనిలో చేరారు. అప్పటికే ప్రై ఉక్కుకు పేరు. అక్కడి మలయావాటా కర్మాగారం 1967లో మొదలైంది. దాని బ్లాస్ట్ ఫర్నేసును రబ్బరు చెట్ల బొగ్గుతో నడిపారు. మనవాళ్లు పాలు గీసిన చెట్లే ముసలివై, బొగ్గయి, ఇనుమును కరిగించాయన్నమాట. పెదనాన్న, తర్వాత నేను పనిచేసింది అక్కడ కాదు, మరో చిన్న రోలింగ్ మిల్లులో. బిల్లెట్లు 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా కాలాయో లేదో, ఫర్నేసు తలుపు సందులోంచి చూసి రంగును బట్టి చెప్పడం పెదనాన్న పని. కళ్లకు అడ్డం ఒక నీలం అద్దం ముక్క. అంతే.

ఇక హెర్షెల్ కథకు వద్దాం. ఆయన 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవర్‌లో పుట్టారు. తండ్రి సైనిక బ్యాండులో వాద్యకారుడు. కొడుకూ అదే దారి పట్టాడు. యుద్ధం ముంచుకురావడంతో 1757లో, పందొమ్మిదేళ్లయినా నిండకుండానే, ఇంగ్లండు చేరాడు. పరాయి దేశం, పరాయి భాష, చేతిలో ఉన్నది సంగీతం ఒక్కటే. మనలో చాలామందికి ఈ ఘట్టం వేరే చెప్పనక్కర్లేదు. పాఠాలు చెప్పి, స్వరాలు రాసి, చివరికి 1766లో బాత్ నగరంలో ఒక చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం సంపాదించారు. 1772లో చెల్లెలు కెరొలైన్‌ను తన దగ్గరికి తెచ్చుకున్నారు.

పగలు సంగీతం, రాత్రి నక్షత్రాలు. మంచి టెలిస్కోపు కొనే స్తోమత లేక తానే తయారు చేసుకోసాగారు. ఆ రోజుల్లో టెలిస్కోపు అద్దాలను రాగి, తగరం కలిపి పోతపోసేవారు. ఒకసారి అద్దానికి మెరుగు పెడుతూ పదహారు గంటలపాటు చెయ్యి తియ్యలేదట. చెల్లెలే పక్కన నిలబడి అన్నం ముద్దలు పెట్టినట్టు నోటికి తిండి అందించింది. 1781 మార్చి 13న తాను చేసుకున్న టెలిస్కోపుతోనే యురేనస్ గ్రహాన్ని కనుగొన్నారు. అనాది నుంచి మనిషికి తెలిసిన గ్రహాల వరుసలో చేరిన మొట్టమొదటి కొత్త గ్రహం అది.

అదే ఏడాది ఆగస్టులో జరిగిన ఒక సంఘటన లోహంతో పనిచేసిన వాళ్లకు బాగా అర్థమవుతుంది. మూడడుగుల పెద్ద అద్దం కోసం ఇంట్లోనే కొలిమి కట్టి పోత పోయబోయారు. కొలిమి కారింది. కరిగిన లోహం నేలమీది రాతి పలకలపై పడగానే ఆ రాళ్లు పేలి ఇంటికప్పు దాకా ఎగిరాయి. అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తారు. హెర్షెల్ అలసిపోయి ఇటుక ముక్కల కుప్పమీద కూలబడ్డారు. అయినా ఆ పని వదల్లేదు. 1782లో మూడో జార్జి రాజు ఏడాదికి 200 పౌన్ల భత్యం ఇవ్వడంతో సంగీతం మాని పూర్తిగా ఆకాశానికే అంకితమయ్యారు. 1789లో నలభై అడుగుల టెలిస్కోపు నిలబెట్టారు. కెరొలైన్ కూడా తోకచుక్కలు కనిపెట్టి స్వయంగా ఖ్యాతి పొందింది.

మా వృత్తికి సంబంధించిన ఘట్టం 1800లో వచ్చింది. అప్పటికి హెర్షెల్‌కు అరవై ఒకటో ఏడు. సూర్యుణ్ణి టెలిస్కోపులో చూడాలంటే కళ్లకు రంగు అద్దాలు అడ్డుపెట్టుకోవాలి. ఆయన ఒక విచిత్రం గమనించారు. కొన్ని అద్దాల్లోంచి వెలుగు తక్కువగా వస్తున్నా కంటికి వేడి తగులుతోంది. మరికొన్నిటిలోంచి వెలుగు బాగా వస్తున్నా వేడి తెలియడం లేదు. అయితే ఏ రంగులో ఎంత వేడి ఉందో కొలిచి చూద్దామనుకున్నారు. పట్టకంతో ఎండను ఏడు రంగులుగా విడదీసి, బల్బుకు నలుపు పూసిన థర్మామీటరును ఒక్కో రంగులో ఉంచారు. ఫారెన్‌హీట్ లెక్కన ఊదాలో 2 డిగ్రీలు, ఆకుపచ్చలో మూడుంపావు, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగింది. తర్వాత థర్మామీటరును ఎరుపు దాటి, ఏ రంగూ కనిపించని చోట పెట్టారు. అక్కడ వేడి ఇంకా ఎక్కువగా ఉంది!

కంటికి కనిపించని ఆ కిరణాలనే తర్వాతివాళ్లు ఇన్‌ఫ్రారెడ్ అన్నారు. సూర్యుడితో ఆపకుండా కొవ్వొత్తి, పొయ్యి మంట, ఎర్రగా కాలిన ఇనుము నుంచి వచ్చే వేడిని కూడా ఆయన పరీక్షించారు. అది కూడా వెలుగులాగే అద్దంమీద పడి తిరిగి వస్తుందని, కటకంలో వంగుతుందని చూపించారు. వెలుగు, వేడి వేర్వేరు జాతులని చివరికి ఆయన తేల్చిన మాట మాత్రం తప్పు. అవి ఒకే కుటుంబమని తర్వాతి శాస్త్రవేత్తలు రుజువు చేశారు. 1822 ఆగస్టు 25న, ఎనభై మూడో ఏట, ఆయన కన్నుమూశారు. యురేనస్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి 84 ఏళ్లు పడుతుంది. ఇంచుమించు అంత కాలం బతికారన్నమాట.

కాలిన ఇనుమును తాకకుండా దూరం నుంచే దాని వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ పైరోమీటరు ఆ పరిశోధనకు వారసురాలే. బిల్లెట్ నుంచి వచ్చే కిరణాలను కటకం పోగుచేసి సెన్సరుమీద పడేస్తుంది. అక్కడ పుట్టే విద్యుత్తును బట్టి డిగ్రీల లెక్క వస్తుంది. కదిలే బిల్లెట్‌కు థర్మోకపుల్ తగిలించలేం కాబట్టి రోలింగ్ మిల్లుకు ఇదే దిక్కు. అయితే దీనికీ ఒడుపు ఉంది. ఒకే వేడిమీద నల్లని ఆక్సైడు పొలుసు కట్టిన ఉక్కు ఎక్కువ కిరణాలు వెదజల్లుతుంది, తళతళలాడే లోహం తక్కువ వెదజల్లుతుంది. ఆ తేడాయే ఎమిసివిటీ. దాన్ని సరిగా అమర్చకపోయినా, కటకంమీద దుమ్ము పట్టినా, మధ్యలో ఆవిరి అడ్డొచ్చినా అంకె తప్పుతుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 1984లో కుర్ర టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో పైరోమీటరు వేడి తక్కువని చూపించింది. మంట పెంచమన్నాను. ఇప్పటికే ఎక్కువైందని, పొలుసు కరిగి కారుతోందని పెదనాన్న చెప్పారు. అంకె ముందు ఆయన కన్నెంత అనుకుని నేను వినలేదు. తెల్లారేసరికి బిల్లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కటకం విప్పి చూస్తే వేలెడు దుమ్ము. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మెత్తటి గుడ్డ తెచ్చి చేతికిచ్చారు.

కొన్నేళ్లకు ఆయన కళ్లకు పొర వచ్చింది. వయసువల్ల కావచ్చు, ఏళ్ల తరబడి ఫర్నేసులోకి చూడటంవల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చునన్నారు డాక్టరుగారు. గాజు, ఉక్కు కొలుముల దగ్గర పనిచేసేవారికి ఇన్‌ఫ్రారెడ్ వేడివల్ల శుక్లాలు వస్తాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పెదనాన్న నీలం అద్దం మిరుమిట్లను తగ్గించేదే కాని, కనిపించని వేడిని ఆపడానికి చేసింది కాదు. వెలుగును ఆపే అద్దం వేడిని ఆపకపోవచ్చని 1800లోనే హెర్షెల్ తన కంటితో తెలుసుకున్నారు. ఆ సంగతి మా ఫర్నేసు తలుపు దాకా రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

ఆపరేషనయ్యాక పెదనాన్న మిల్లు చూడటానికి ఒకసారి వచ్చారు. కుర్రాళ్లు కంట్రోల్ రూములో కూర్చుని తెరమీద అంకెలు చూస్తుంటే తృప్తిగా తలాడించి, కటకం తుడిచారా అని మాత్రం అడిగారు.

మీ ఇళ్లలో వెల్డింగు, ఫర్నేసు, గాజు పనులు చేసేవారుంటే, పెట్టుకునే అద్దం ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుందో లేదో కనుక్కోమనండి. గ్రహణం రోజున పిల్లలకు ఏదో ఒక నల్లద్దం ఇచ్చి సూర్యుణ్ణి చూడమనకండి. హెర్షెల్‌కు మనం చేయగల నివాళి అదే. మా పెదనాన్నకు నేను చేయగలిగిందీ అదే.