డోర్నకల్ బిషప్... పిడికెడు బియ్యం

కాజీపేటలో విజయవాడ రైలెక్కినవాళ్లకి డోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది. కొత్తగూడెం వైపు లైను చీలేది అక్కడే. ఆ ఊళ్లో ఒక పెద్ద చర్చి ఉంది. బయట నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లతో మసీదేమో అనిపిస్తుంది. లోపలికెళితే గుడి మంటపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గురించి ఈసారి చెప్పుకుందాం. ఆయన తెలుగువాడు కాదు. భాష తెలియని చోటికి పని మీద వచ్చినవాడు. ఆ మాటకొస్తే మన బాపతే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుని వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగానికి కుదిరారు. 1902లో పని మీద శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకుని, సువార్త చెప్పేందుకు మనుషుల్ని సముద్రం దాటించి పంపుతున్నారు. తన సొంత జిల్లాలో సంఘాలు పుట్టి ఎన్నో ఏళ్లయినా ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఆ తేడా ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మరుసటి ఏడే, 1903లో, పాళయంకోట్టైలో కొందరితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే అన్నది దాని నియమం. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

ఇతరుల్ని పంపి ఊరుకోలేదు. 1909లో స్థిరమైన ఉద్యోగం వదిలేసి, ముప్పై అయిదేళ్ల వయసులో తనే భార్యాపిల్లలతో వచ్చేశారు. మొదట్లో గుడారంలో కాపురం. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరో మహాసభలో మాట్లాడుతూ, మీరు ఆస్తులూ ప్రాణాలూ ఇచ్చారు గానీ సమానంగా స్నేహం ఇవ్వలేదని మిషనరీల మొహం మీదే చెప్పారు. జీతం అందుతున్నా మనిషిగా పలకరింపు అందని చోట పని చేసినవాళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే.

ఇక అసలు సంగతి. డోర్నకల్ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. సొంత భూమి లేదు. దొరల పొలాల్లో వెట్టి, గింజల్లో కూలి, తీరని అప్పు. అలాంటివాళ్లనీ కానుకలివ్వమన్నారు అజరయ్య. ఆడవాళ్లు వంటకి గింజలు కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ గింజలు చర్చికి వెళ్లేవి. కోత పండుగ వస్తే కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, మేకపిల్లలు.

తిండికే చాలని ఇంట్లో పిడికెడు అడగడం న్యాయమేనా? మేమూ ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాం. అజరయ్య లెక్క వేరు. దేవుడి కృప ఉచితంగా వచ్చింది. దాన్ని ఎవరూ కొనలేరు కాబట్టి కానుక దాని ధర కాదు. అందుకున్నవాడు ఊరుకోలేక ఇచ్చేది అది. పౌలు మెచ్చుకున్న మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలోనే ఇచ్చాయి. పేదవాడు ఎప్పుడూ చెయ్యి చాపే ఉండాలని మనం నిర్ణయిస్తే, ఇచ్చే సంతోషాన్ని అతని దగ్గర లాక్కున్నట్టే. క్రైస్తవ దానం మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఆయన పోయాక 1950లలో విదేశాల్లోనూ అచ్చయింది.

ఇక్కడ సౌదీలో మనలోని క్రైస్తవులకి చర్చి లేదు, కానుక పళ్లెం లేదు. రియాద్‌లో బత్తాలోనో, జెద్దాలో బలద్‌లోనో ఇంటికి డబ్బులు పంపడమే తెలుసు. కానీ క్యాంపులో ఎవరైనా పోతే, శవాన్ని ఊరికి పంపడానికి రూము రూముకీ తిరిగి చందా వేస్తాం కదా. ఏ మతమని ఎవరూ అడగరు. అప్పుడు ముందుగా జేబులో చెయ్యి పెట్టేది తక్కువ జీతం మీదున్న క్లీనింగ్ కుర్రాడే. మూణ్ణెల్లుగా జీతం రానివాడూ పది రియాళ్లు తెస్తాడు. నీ దగ్గర వద్దులేరా తమ్ముడూ అంటే చిన్నబుచ్చుకుంటాడు. అది చూశాకే మాకు ఆ కుండ సంగతి కొంత అర్థమైంది.

1920ల్లో చుట్టుపక్కల మిషన్ల ప్రాంతాలూ కలవడంతో డయాసిస్ బాగా పెద్దదైంది. అజరయ్య చివరి రోజుల నాటికి సభ్యులు రెండు లక్షలు దాటారు. ఆయన ఎడ్లబండి మీదా, కాలినడకనా పల్లెలు తిరిగారు. చర్చి కట్టడం మాత్రం ఆగుతూ సాగుతూ పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆరేళ్లకి, 1945 జనవరి 1న, డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు. తిరునెల్వేలికి తీసుకెళ్లలేదు. సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది.