పుదుచ్చేరిలోని వృద్ధ గురువు: కోర్దూ ఫాదరు జీవితము

ఆదికాండము 11వ అధ్యాయములోని బాబెలు గోపురపు వృత్తాంతము మన సండే స్కూలు పిల్లలకు సైతము తెలిసినదే. మనుష్యుల భాష తారుమారై, వారు భూమియందంతట చెదరిపోయిరని అక్కడ చదువుచున్నాము. ఆ వృత్తాంతమును మనస్సునందుంచుకొని, మన దేశములో నేర్చిన మాటలను లాటిను మాటల ప్రక్కన వ్రాసి చూచి, డెబ్బదియైదేండ్ల గురువొకడు పుదుచ్చేరిలో కూర్చుండి ఒక గొప్ప సంగతి కనుగొనెను. ఆయన పేరు గాస్తోన్ లోరాన్ కోర్దూ. రోమను కతోలిక గురువు. యేసు సభకు చేరిన ఫ్రెంచివాడు. మన సంఘమువాడు కాని ఈయన కథ మన పత్రికలో ఎందుకని ఎవరైన అడుగవచ్చును. చదివిన తరువాత అడుగవలెనని మనవి.

కోర్దూ 1691 డిసెంబరు 18వ తేదీన ఫ్రాన్సు దేశపు నడుమనున్న బూర్జ్ పట్టణములో పుట్టెను. 1715లో యేసు సభలో చేరెను. 1732లో ఓడ యెక్కి దక్షిణ హిందూదేశమునకు వచ్చునప్పటికి ఆయనకు నలువది యేండ్లు. ఆ వయస్సులో అ ఆలు దిద్దుట మొదలుపెట్టుట ఎంత కష్టమో, రాత్రి బడిలో పలక పట్టిన మన పెద్దలను అడిగిన చెప్పుదురు. ఆయన దిద్దెను. తెలుగు మాటలాడుటతో తృప్తిపడక తెలుగు, ఫ్రెంచి, సంస్కృతము మూడును కలిపి ఒక నిఘంటువు కూర్చెను. ఇంచుమించు ఆ కాలముననే ప్రొటెస్టంటు మిషనరీయైన బెంజమిను షుల్‌జ్ గారు చెన్నపట్నములో తెలుగు నేర్చి, తరువాత జర్మనీలోని హాలే పట్టణములో తెలుగు క్రైస్తవ గ్రంథములను అచ్చు వేయించెను. ఒకే భాష కొరకు రెండు సంఘములవారు రెండు ఊళ్లలో తల బ్రద్దలు కొట్టుకొనిరన్నమాట.

కోర్దూ చేరినది కర్ణాటక మిషను. పుదుచ్చేరి కేంద్రముగా తెలుగు సీమ లోపలి భాగములలో పని చేయవలెనని ఫ్రెంచి యేసు సభవారు దానిని పెట్టిరి. 1700 సంవత్సరము దాటిన తొలి యేండ్లలోనే వారు మన చిత్తూరు సీమలోని పుంగనూరునకు వచ్చియుండిరి. మన జిల్లాలో ప్రొటెస్టంటు మిషను బంగళాలు లేచుటకు నూరేండ్లకు పైగా ముందటి మాట ఇది.

ఆ గురువుల పద్ధతి వేరు. కావి బట్టలు కట్టి, మాంసము, మద్యము మాని, సన్న్యాసులవలె బ్రతికిరి. ఈ దేశపువారికి ఈ దేశపు తీరుననే చెప్పవలెనని వారి తలంపు. అందులో తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు. అయితే ఆ వేషముతో కూడ కులము వచ్చెను. అగ్రజాతులవారు దూరమగుదురేమోనని అంటరానివారని త్రోసివేయబడిన విశ్వాసులను వేరుగా నుంచిరి; వారిలో ఒకడు మరణశయ్యపై నున్నను అతని గుడిసెలో అడుగు పెట్టుటకు గురువులు వెనుదీసిరని ఫిర్యాదు రోమువరకు పోయెను. 1744లో పోపు పదునాల్గవ బెనెడిక్టు దానిపై కట్టడ చేసి, ఆ యిండ్లకు వెళ్లి సంస్కారములు ఇయ్యవలసినదేనని ఆజ్ఞాపించెను. సరిగా ఆ సంవత్సరముననే కోర్దూ ఆ మిషనుకు పెద్ద ఆయెను. 1751 వరకు ఆ భారము మోసెను. పైనుండి వచ్చిన ఆజ్ఞ ఒక ప్రక్క, సంఘములోని పెద్ద కులములవారి అలుకలు మరియొక ప్రక్క. ప్రభురాత్రి భోజనపు పాత్రను ఎవరు ముందు ముట్టవలెనని తగవులాడుకొనిన సంఘములను ఎరిగినవారికి ఆయన పరిస్థితి వేరుగా వివరింపనక్కరలేదు.

దానికి ముందు 1742లో ఆయన తన దేశమునకు ఒక పొడుగాటి లేఖ వ్రాసెను. అందులోని విషయము బోధ కాదు, బట్టల అద్దకము! మన పనివారు నూలుబట్టపై వేయు రంగులు ఎన్ని ఉదుకులు ఉదికినను పోవు; ఆ మర్మము ఐరోపావారికి అంతుపట్టలేదు. కోర్దూ తన సంఘములోని అద్దకపు పనివారిని కూర్చుండబెట్టుకొని అడిగెను. ఒకడు చెప్పినదానిని మరియొకనితో సరిచూచుకొనెను. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెట్టుట, బొగ్గుపొడితో బొమ్మ దించుట, ఇనుప తుప్పుతో చేసిన నలుపుతో గీతలు గీయుట, పటికయు చిరివేరును చేరి ఎరుపు పుట్టుట, నీలి తగులరాని చోట్ల మైనము పూయుట, ఇవన్నియు వరుసగా వ్రాసెను. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూచినవారెవరైనను కరక్కాయ, గేదె పాల మాట చదివి నవ్వుకొందురు. రెండువందల ఎనుబదియేండ్లు దాటినను ఆ వాసన అక్కడ అట్లే యున్నది.

ఆయన పనివారి ముందర శిష్యునివలె కూర్చున్న తీరు నాకు నచ్చినది. కాని ఆ లేఖ ఐరోపాలో అచ్చుపడి, అక్కడి అద్దకపువారికి అక్కరకు వచ్చెను. తమ తండ్రుల విద్యను విప్పి చెప్పిన మన పనివారికి దక్కినదేమి? ఆ ప్రశ్న కోర్దూకు తట్టినదో లేదో.

ఇక భాషల సంగతి. పారిసులోని బార్తెలెమీ అను పండితుడు 1763లో ఆయనకు ఉత్తరము వ్రాసి ఈ దేశపు భాషలను, చరిత్రను గూర్చి అడిగెను. 1767లో కోర్దూ జవాబు పంపెను. సంస్కృతములో లాటిను, గ్రీకు భాషలతో కలియు మాటలు ఇన్ని ఎందుకున్నవని ఆయనే ప్రశ్న వేసి, పట్టిక వ్రాసెను. మనము దానము అన్నచో లాటినులో దోనుమ్. అగ్ని అన్నచో ఇగ్నిస్. విధవ అన్నచో విదువ. వర్తకులు తెచ్చిరందుమా? వర్తకులు సరకుల పేర్లు తెత్తురు గాని, ఒకటి, రెండు, మూడు అను లెక్కలను, నేను, నీవు అను మాటలను తేరు. పండితులు అరువు తెచ్చుకొనిరందుమా? శాస్త్రపు మాటలైన సరే. ఉన్నాను, ఉన్నావు అను క్రియలను ఎవరు అరువు తెచ్చుకొందురు? ఇట్లు ఒక్కొక్క దారిని మూసి చివరకు, ఈ జనులందరు ఒకప్పుడు ఒక్క భాష మాటలాడిన ఒక్క కుటుంబమువారే యని నిశ్చయించెను. బాబెలు దగ్గర చెదరిన యాపెతు సంతతివారు ఆ మాటలను చెరియొక దిక్కునకు కొనిపోయిరని ఆయన వివరణ.

నేటి భాషాశాస్త్రము యాపెతు సంతతి మాట నొప్పుకొనదు. చుట్టరికమును మాత్రము ఒప్పుకొన్నది. ఒక సంగతి మనము గుర్తుంచుకొనవలెను: దానము, అగ్ని, విధవ సంస్కృతమునుండి మన నోటికి వచ్చిన మాటలు. అసలు తెలుగు అరవ కన్నడములతో చేరిన వేరే కుటుంబమని 1816లో చెన్నపట్నపు దొర ఎల్లిసు చూపెను. కోర్దూ తెలుగు వాకిటనుండియే సంస్కృతపు ఇంటిలోనికి పోయినవాడు.

విలియం జోన్సు దొర కలకత్తాలో ఇదే సంగతి చెప్పినది 1786లో. లోకమంతయు దానిని మెచ్చినది. కోర్దూ పంపిన కాగితములు పారిసులో పడియుండి 1808లో గాని అచ్చు కాలేదు.

ఆయన కడపటి దినములు సుఖమైనవి కావు. 1761 జనవరిలో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని పట్టుకొని పట్టణమును పడగొట్టిరి. బార్తెలెమీకి జవాబు వ్రాసినది ఆ శిథిలముల నడుమనే యనుకొనవచ్చును. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యములో యేసు సభను రద్దు చేసెను. 1773లో పోపే సభను లోకమంతట రద్దు చేసెను. ఎనుబదియొక్క యేండ్ల ముసలివానికి, యౌవనమున చేరిన ఇల్లు కాళ్ల క్రిందనుండి తీసివేయబడెను. ఆయన స్వదేశమునకు పోలేదు. పాత సహోదరులు కొందరు పారిసు విదేశ మిషనువారి క్రింద పనిచేయుచు అక్కడనే నిలిచిరి. 1778 అక్టోబరులో ఇంగ్లీషువారు మరల పుదుచ్చేరిని ముట్టడించి పట్టుకొనిరి. 1779 జూను 15వ తేదీన కోర్దూ అక్కడనే కన్నుమూసెను. వయస్సు ఎనుబదియేడు. ఈ దేశమునకు వచ్చి నలువదియేడేండ్లు.

ముసలితనములో ఆయన హిందువుల ఆచార వ్యవహారములను గూర్చి ఒక పెద్ద గ్రంథము వ్రాసి విడిచెను. ఆయన చనిపోయిన చాల యేండ్లకు, 1792లో వచ్చిన దుబువా అను మరియొక ఫ్రెంచి గురువు మైసూరు సీమలో పనిచేసి, అదే విషయముపై గ్రంథము తయారుచేసి తూర్పు ఇండియా కంపెనీవారికి అమ్మెను. 1816లో అది ఇంగ్లీషులో వెలువడి మిక్కిలి పేరుపొందెను. దొరలు, కలెక్టరులు దానిని దగ్గర నుంచుకొనిరి. కోర్దూ పేరు అందులో లేదు. సిల్వియా మ్యూర్ అను ఫ్రెంచి విద్వాంసురాలు, దెవో అను సైనికాధికారి చేత తిరిగి వ్రాయబడి లండనులో పడియున్న ఒక వ్రాతప్రతిని పట్టుకొని, దుబువా గ్రంథముతో పోల్చి చూచి, దానికి మూలము కోర్దూ వ్రాతయేనని తేల్చి 1987లో రెండు సంపుటములుగా ప్రకటించెను. అప్పటికి కోర్దూ గతించి రెండువందల ఎనిమిదేండ్లు.