చేతులు కడుక్కోమన్న డాక్టరు

అంటువ్యాధుల గురించి రాయమనగానే నాకు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తొచ్చారు. ఆడపిల్లలమంతా తెలుసుకోవాల్సిన మనిషి ఆయన.

1818లో హంగేరీలోని బుడా పట్టణంలో పుట్టారు. వియన్నాలో వైద్యం చదివి, 1846లో అక్కడి పెద్దాసుపత్రి ప్రసూతి విభాగంలో సహాయ వైద్యుడిగా చేరారు. పేద ఆడవాళ్ళకు అక్కడ ఉచితంగా పురుడు పోసేవారు. వార్డులు రెండు. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు పని నేర్చుకునేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. ఏ వార్డులో చేరాలన్నది వచ్చిన రోజును బట్టి ఉండేది.

1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు సూతికా జ్వరంతో చనిపోయారు. రెండోదాంట్లో ముగ్గురు కూడా లేరు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. మొదటి వార్డు వద్దని ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పడి బతిమాలేవారట!

గాలి చెడ్డదన్నారు, జనం ఎక్కువన్నారు. గాలి రెండింటికీ ఒకటే. జనం రెండో వార్డులోనే ఎక్కువ. మరి తేడా ఎక్కడుంది?

1847 మార్చిలో ఆయన స్నేహితుడు, డాక్టర్ యాకోబ్ కొల్లెచ్కా శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి కత్తి తగిలి వేలు తెగింది. ఆ గాయం వల్లే చనిపోయారు. ఆయన శరీరంలో కనిపించిన మార్పులు చనిపోయిన బాలింతల్లో కనిపించినవే. సెమ్మెల్‌వైస్‌కి అప్పుడు అర్థమైంది. విద్యార్థులు, డాక్టర్లు పొద్దున శవాలను కోసి, అవే చేతులతో వచ్చి నొప్పులు పడుతున్నవాళ్ళను పరీక్షిస్తున్నారు. మంత్రసానులకు శవాలతో పని లేదు.

మే నెల నుంచి వార్డులోకి వచ్చే ప్రతివాళ్ళూ క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టారు. తర్వాత చవకని బ్లీచింగ్ పౌడర్ వాడారు, మన వీధి కాలవల పక్కన చల్లేదే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌కల్లా ఇద్దరికి తగ్గింది. కొన్నాళ్ళకు, కుళ్ళిన పుండున్న రోగి నుంచి కూడా జబ్బు పాకుతుందని గమనించి, ఒక రోగిని చూశాక మళ్ళీ కడుక్కోవాలన్నారు. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. జబ్బు ఏ దారిన వస్తోందో కనిపెట్టి, ఆ దారి మూసేశారు, అంతే.

అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అన్నాళ్ళూ తమ చేతులతోనే ప్రాణాలు తీశామని ఒప్పుకోవాలి కదా. ఆయన కూడా పుస్తకం రాయడానికి 1861 దాకా ఆగారు. తర్వాత కోపం పట్టలేక, కాదన్నవాళ్ళను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. 1865లో ఆయన్ని వియన్నా దగ్గర పిచ్చాసుపత్రిలో చేర్చారు. రెండు వారాల్లోనే, గాయం చీము పట్టి చనిపోయారు. వయసు 47. సూతికా జ్వరానికి కారణమైన క్రిమిని పాశ్చర్ చూపించింది 1879లో.

ఇది చదివాక నాకొకటి తోచింది. చేతులు కడుక్కోవడం కష్టం కాదు, నా చేతుల వల్ల ఇంకొకరికి జబ్బు రావచ్చని ఒప్పుకోవడమే కష్టం. వచ్చే నెల మా అక్క పురుడు. బిడ్డను చూడ్డానికి వచ్చే చుట్టాలను చేతులు కడుక్కోమంటే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. నేను మాత్రం సబ్బూ చెంబూ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడతాను.