మూడేళ్లు చీకటి గదిలో.. ఆ తర్వాత మనసుకే లెక్క కట్టిన ఫెక్నర్!

మనసుకు లెక్కలేంటి? సైకాలజీ క్లాసులో మొదటిసారి లాగరిథం కనిపిస్తే చాలామంది స్టూడెంట్లకు వచ్చే డౌట్ ఇదే. ఆ లెక్కను అక్కడికి తెచ్చింది జర్మనీ శాస్త్రవేత్త గుస్టావ్ ఫెక్నర్. కానీ అంతకుముందు ఆయన పడిన కష్టం మామూలుది కాదు.

ఫెక్నర్ 1801 ఏప్రిల్ 19న ఓ పాస్టర్ ఇంట్లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. లైప్‌జిగ్‌లో మెడిసిన్ చదివినా ఆసక్తంతా ఫిజిక్స్ మీదే. ఇల్లు గడవడానికి ఫ్రెంచ్ సైన్స్ పుస్తకాలు అనువదించేవారు. 1834లో అదే యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు.

అంతా బాగుందనుకున్న టైమ్‌లో దెబ్బ తగిలింది. వెలుతురు చూసి కళ్లు మూసుకున్నా కాసేపు కనిపించే రంగులపై పరిశోధన చేస్తూ, రంగు గాజుల్లోంచి పదేపదే సూర్యుడిని చూశారు. కళ్లు దెబ్బతిన్నాయి. ఉద్యోగం పోయింది. వెలుతురు భరించలేక దాదాపు మూడేళ్లు చీకటి గదిలోనే ఉండిపోయారు. చివరికి 1843లో అనూహ్యంగా కోలుకున్నారు.

మనసు శాస్త్రానికి గణితం పనికిరాదని తత్వవేత్త కాంట్ అప్పటికే తేల్చేశారు. ఫెక్నర్ మాత్రం వదల్లేదు. 1850 అక్టోబర్ 22 ఉదయం, ఇంకా మంచం దిగకముందే దారి దొరికింది.

అదేంటంటే.. గదిలో ఒకే కొవ్వొత్తి ఉంటే రెండోది వెలిగించగానే తేడా తెలుస్తుంది. అదే వంద కొవ్వొత్తులున్న చోట ఇంకొకటి వెలిగిస్తే దాదాపు తెలియదు. అంటే ఎంత పెంచామన్నది కాదు, ఉన్నదానిలో ఎన్నో వంతు పెంచామన్నదే ముఖ్యం. లైప్‌జిగ్‌కే చెందిన ఎర్న్‌స్ట్ వెబర్ బరువులతో దీన్ని ముందే గమనించారు. ఫెక్నర్ దాన్ని ఈక్వేషన్‌గా మార్చారు. వెలుతురు రెట్టింపు, మళ్లీ రెట్టింపు అవుతూ పోయినా మనకు అనిపించేది ఒక్కో మెట్టే పెరుగుతుంది. లాగరిథం అంటే ఇదే!

ఊరికే చెప్పి ఊరుకోలేదు. బరువులెత్తి పోల్చే పరీక్షను 24 వేల సార్లకు పైగా స్వయంగా చేశారు. 1860లో సైకోఫిజిక్స్‌పై పుస్తకం తెచ్చారు. అది చదివిన ఎబ్బింగ్‌హాస్ ఆ స్ఫూర్తితో జ్ఞాపకశక్తినీ కొలిచారు.

ఆయన సూత్రం అన్నిచోట్లా సరిపోదని తర్వాత తేలింది. మరీ తక్కువ వెలుతురులో, మరీ ఎక్కువ వెలుతురులో లెక్క తప్పుతుంది. అయినా మనసును కొలవొచ్చన్న నమ్మకం మాత్రం నిలిచింది. ఫెక్నర్ 1887 నవంబర్ 18న లైప్‌జిగ్‌లో కన్నుమూశారు. ఆయనకు ఆలోచన తట్టిన అక్టోబర్ 22ను సైకోఫిజిక్స్ పరిశోధకులు ఇప్పటికీ ఫెక్నర్ డేగా జరుపుకొంటున్నారు.