గురువును వెతుక్కుంటూ వెళ్లిన విద్యార్థులు

సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే, మన బడితో పాటు నాకు గుర్తొచ్చినవాడు పీటర్ అబెలార్డ్. తొమ్మిది వందల ఏళ్ల క్రితం ఫ్రాన్స్‌లో పాఠాలు చెప్పిన గురువు.

1079లో బ్రిటనీ ప్రాంతంలోని లె పాలెలో పుట్టాడు. తండ్రి యోధుడు. పెద్ద కొడుకుగా తనకు రావలసిన ఆస్తిని వదులుకుని, చదువు కోసం ఊళ్లు తిరిగాడు. పారిస్‌లో తన గురువుతోనే వాదించి నెగ్గాడు. తర్కంలో, దైవశాస్త్రంలో పేరు మోసిన ఉపాధ్యాయుడయ్యాడు.

ఆయన చేసిన తప్పును దాచి పొగడలేను. చదువు చెబుతానని ఒక ఇంట చేరి, నమ్మి అప్పగించిన శిష్యురాలు ఎలొయీజ్‌ను లోబరచుకున్నాడు. కొడుకు పుట్టాడు. రహస్యంగా పెళ్లయింది. పగబట్టిన ఆమె మేనమామ మనుషులను పంపి, నిద్రలో ఉన్న ఆయన పుంస్త్వాన్ని పోగొట్టించాడు. అబెలార్డ్ సెయింట్ డెనిస్ మఠంలో సన్యాసి అయ్యాడు. ఆయన చెప్పాడని ఎలొయీజ్ కూడా సన్యసించింది.

1121లో సోసాన్ సభ ఆయన పుస్తకాన్ని ఆయన చేతులతోనే మంటల్లో వేయించింది. తర్వాత షాంపేన్ ప్రాంతంలో, జనసంచారం లేని చోట రెల్లుగడ్డితో చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నాడు. సంగతి తెలిసి విద్యార్థులు అక్కడికే వచ్చేశారు. గుడిసెలు వేసుకున్నారు, పొలం పనులు చేసి గురువుకు తిండి సమకూర్చారు, మందిరాన్ని రాయితో, కలపతో తిరిగి కట్టారు. తర్వాత నిలువనీడ లేని ఎలొయీజ్‌కూ ఆమె తోటి సన్యాసినులకూ ఆయన ఆ చోటునే ఇచ్చాడు.

ఆయన పుస్తకం 'సిక్ ఎట్ నాన్', అంటే 'అవును, కాదు'. అందులో 158 ప్రశ్నలు. ఒక్కొక్కదానికీ పెద్దలు చెప్పిన, ఒకదానితో ఒకటి పొసగని మాటలను పక్కపక్కనే పెట్టాడు. తీర్పు చెప్పలేదు. ఆలోచించే పని చదివేవాళ్లకే వదిలాడు.

సాన్స్ సభలో మళ్లీ ఖండనకు గురైన ఆయనకు క్లూనీ మఠం ఆశ్రయమిచ్చింది. 1142లో కన్నుమూశాడు.

తొమ్మిదో తరగతిలో నేనడిగిన ప్రశ్నకు మన లెక్కల మాస్టారు వెంటనే జవాబు చెప్పలేకపోయారు. కోప్పడలేదు. మర్నాడు జవాబుతో వచ్చారు. ఇంజనీరునయ్యాక, డ్రాయింగ్‌లో ఒక కొలత మీద అనుమానం వెలిబుచ్చిన కుర్రాడిని నేను కసిరి కూర్చోబెట్టాను. తప్పు కొలతతో కట్టిన గోడను తర్వాత పడగొట్టాల్సి వచ్చింది. ఆ రోజు మాస్టారు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఆ విద్యార్థులు అడవికి ఎందుకు వెళ్లారో నాకిప్పుడు అర్థమవుతోంది. యాభై ఏళ్ల తర్వాత మనం ఇక్కడికి రావడమూ అందుకే.